నూట నలభై మూడో సీసా

తెల్లారగట్ల లేచి, తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో న్యూస్‌పేపరు చుట్టిన సీసా ఇరికించుకుని వచ్చే కుర్రాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. అరవై ఎనిమిది వానాకాలంలో నూటతొమ్మిది మందిని చూశాను. ఆ సీసాలో ఏముందో వాడికి తెలుసు, నాకు తెలుసు, దారిలో ఎదురైన ప్రతివాడికీ తెలుసు. అయినా అత్తగారింటికి తేనె పట్టుకెళ్తున్నట్టు నడిచి వచ్చేవాడు. నా బల్ల దగ్గరికి రాగానే ఆకాశం వైపు చూసి సీసా నా చేతిలో పెట్టేవాడు.

నా పేరు ప్రమీల. మాది గుడివాడ దగ్గర ఊరు. మా నాన్న మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. "మా అమ్మాయి హైద్రాబాదు యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది" అని ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చెప్పేవాడు. దేనిమీద అని ఎవరైనా అడిగితే మాత్రం ఆయనకు దగ్గు వచ్చేది. పాపం, ఏమని చెబుతాడు? నా రీసెర్చి జిగట విరేచనాల మీద. రక్తమూ జిగురూ పడుతూ, మనిషిని రోజుకు ఇరవైసార్లు పరిగెత్తించే రోగం అది. దానికి కారణమైన క్రిమి పేరు షిగెల్లా. పేరు వింటే ఏదో సర్కస్ కంపెనీలో డాన్సు చేసే అమ్మాయి అనుకుంటారు.

ఆ యేడు మొదటి వానలకు మా క్యాంపస్‌లోని గుట్ట హాస్టల్లో పద్దెనిమిది మంది కుర్రాళ్ళు ఒకే వారంలో మంచం పట్టారు. మా గైడు ప్రభుదాసు గారు ఆ కబురు విన్న సంతోషంలో లాంబ్రెట్టాకి స్టాండు వెయ్యకుండానే దిగేశారు. స్కూటరు కింద పడింది. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"అమ్మాయ్, దేవుడు నీ థీసిస్‌ని నడిపించుకుంటూ మన గుమ్మంలోకి తెచ్చాడు" అన్నారు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. ఈ రోగం నీళ్ళ వల్ల, ఈగల వల్ల అని లోకమంతా అంటుంది కదా. ఆయన ఒప్పుకోరు. ప్రతిచోటా ఒక మనిషి ఉంటాడంటారు. వాడు చూడ్డానికి శుభ్రంగా తిరుగుతూ ఉంటాడు, కడుపులో మాత్రం షిగెల్లా కాపురం పెట్టి ఉంటుంది, వాడి చేతుల మీదుగా ఊరందరికీ పంపకం జరుగుతుంది. "కలరాకి లక్షల క్రిములు కావాలమ్మాయ్. దీనికి పదో పాతికో చాలు. చిటికెనవేలి గోటి కింద పట్టేంత" అనేవారు, తన చిటికెనవేలు చూపించి. ఆ ఒక్క మనిషిని పట్టుకుంటే ఆయనకు పేపరు, నాకు డాక్టరేటు.

చేతుల మీదుగా అనగానే అందరి కళ్ళూ హాస్టల్ మెస్సు మీద పడ్డాయి. మెస్సు అంటే రాజలింగం.

రాజలింగం పెద్ద వంటవాడు. యాభై ఏళ్ళుంటాయి. జనగామ అవతల ఏదో పల్లె. బావి ఎండిపోయి, ఎడ్లు అమ్ముకుని పట్నం వచ్చి, పద్నాలుగేళ్ళుగా ఆ మెస్సులో గరిటె పట్టాడు. వారాసిగూడలో ఇల్లు. కోడి కూయకముందే నడుచుకుంటూ క్యాంపస్‌కి వచ్చేవాడు. కుర్రాళ్ళెవరైనా గిన్నెలో చెయ్యి పెట్టబోతే గరిటెతో వేళ్ళమీద ఒక్కటిచ్చేవాడు, వాడు డిప్యూటీ కలెక్టరు కొడుకైనా సరే.

మేము అనుమానిస్తున్నామని తెలిసిన రోజున తనే మా లాబ్‌కి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి ప్రభుదాసు గారితో అన్నాడు: "సార్, నాకు వంట తప్ప ఇంకో పని రాదు. గీ రోగం నా చేతులకెల్లి వచ్చిందని ఒక్కసారి పేరు పడ్డదంటే నౌకరి పోవుడు సంగతి అటుంచు, పెండ్లి వంటకు గూడ ఎవ్వడు పిలువడు. జర మంచిగ చూసి చెప్పున్రి."

"మేము సైంటిస్టులం, న్యాయంగానే చెబుతాం" అన్నారు ప్రభుదాసు గారు. నేను పక్కనే నిలబడి తల ఊపాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సరే, అందరి దగ్గరా సీసాలు సేకరించాలి. హాస్టల్లో నూట ఇరవై మంది. మొదటి వారం మూడే సీసాలు వచ్చాయి. అందులో ఒకదానిలో రేగడిమట్టి ఉంది. కుర్రాళ్ళకు సిగ్గు. ఆడమనిషి చేతికి ఇవ్వాలంటే మరీ సిగ్గు. అప్పుడు మా లాబ్ అటెండరు ఎంకన్న ఉపాయం చెప్పాడు.

"ప్రమీలమ్మా, ఉత్తగ ఎవడిస్తడు? ఏదన్న తినబెట్టాలె. జాంపండ్లు కోసి ఉప్పుకారం చల్లి పెట్టున్రి. సీసా తెచ్చినోనికి ఒక పండు. చూడున్రి, లైను కడ్తరు."

లాలాపేట నుంచి ఈరమ్మ రోజూ గంపెడు జాంపండ్లు తెచ్చి క్యాంపస్‌లో అమ్మేది. ఆమెను వరండాలో కూర్చోమన్నాం. బల్ల ఒక చివర సీసాలు, ఇంకో చివర పండ్లు, మధ్యలో నేను. సీసా పుచ్చుకుని, నంబరు రాసి, సబ్బుతో చేతులు కడుక్కుని, పండు నాలుగు చీలికలు కోసి, ఉప్పుకారం అద్ది ఇచ్చేదాన్ని. రెండో రోజుకి లైను వేపచెట్టు దాకా పోయింది. సగానికి పైగా పండు కోసం రెండోసారి కూడా తెచ్చారు, పాత నంబరు మీదే. పదకొండు మంది మాత్రం "మేము చచ్చినా ఇవ్వం" అని భీష్మించుకున్నారు. వాళ్ళ పేర్ల ఎదురుగా రిజిస్టర్లో ఎర్రసిరాతో 'మొండి' అని రాశాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి. అంత చిన్నదని అప్పుడు నేను అనుకున్నాను. రెండో వారంలో ఒక పొద్దున నాకు కడుపులో మెలిపెట్టింది. తార్నాక చౌరస్తా హోటల్లో తిన్న పూరీ పని అనుకున్నాను. రెండు రోజులు బాధపడి, గుట్టుచప్పుడు కాకుండా సల్ఫా మాత్రలు మింగాను. తగ్గింది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నాకు వచ్చింది విరేచనాలు కాదు, కాస్త కడుపు బాగాలేదు అంతే. రెండూ వేరు. విరేచనాలు రిజిస్టర్లో ఉన్నవాళ్ళకు వస్తాయి. కడుపు బాగాలేకపోవడం రిజిస్టరు రాసేవాళ్ళకు వస్తుంది. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు నేను.

ఆ రెండు రోజుల్లోనే మెస్సువాళ్ళ వంతు వచ్చింది. అందరికన్నా ముందు రాజలింగం వచ్చాడు. మోదుగాకులో చుట్టి, పైన తెల్లగుడ్డ కట్టి తెచ్చాడు సీసా. నూట పది అని నంబరు వేశాను. చేతులు కడుక్కుని, పండు కోసి, ముక్కలు అతని ముందు పెట్టాను.

రాజలింగం నా చేతుల వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"వద్దు మేడం. మీరు కోసింది నేను తినను" అన్నాడు.

వెనక లైనులో రెండోసారి సీసా తెచ్చిన కుర్రాళ్ళు నలభై మంది ఉన్నారు. నా చెవులు కాలిపోయాయి. ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు బడిలో మంచినీళ్ళ కుండ దగ్గర విన్నాను. తార్నాకలో గది కోసం తిరిగినప్పుడు, పేరు బాగానే ఉంది గానీ మీరేమిట్లు అని అడిగి, చర్చి అని చెప్పగానే "అయ్యో, నిన్ననే ఎవరికో ఇచ్చేశామమ్మా" అన్న ప్రతి గుమ్మంలోనూ విన్నాను. యూనివర్సిటీలో, నా బల్ల దగ్గర, నా పండు మీద వింటాననుకోలేదు.

"తినకపోతే పో. నీ ఇష్టం" అన్నాను. నా తండ్రి వయసువాణ్ణి అలా అనడం తప్పని నాకు తెలుసు. అయినా అన్నాను. ఆ క్షణం నుంచీ ఆ రోగం రాజలింగందే కావాలని కోరుకున్నాను. సైన్సులో అలా కోరుకోకూడదని ఫస్టియర్లోనే చెబుతారు. చెబుతారు లెండి.

గాజు పళ్ళెంలో గులాబీరంగు జెల్లీ ఒకటి పోసి, దానిమీద నమూనా గీస్తాం. మన పేగుల్లో ఉండే సాధు క్రిములు ఆ జెల్లీలోని పాలచక్కెర తిని ఎర్రని చుక్కలుగా మొలుస్తాయి. షిగెల్లా పాలచక్కెర ముట్టదు. పాలిపోయిన చుక్కలుగా మొలుస్తుంది. రాజలింగం పళ్ళెం నిండా ఎర్రచుక్కలే. ఒక్క పాలిపోయిన చుక్క లేదు.

"షిగెల్లా సీసాలో తొందరగా చచ్చిపోతుందమ్మాయ్. వారాసిగూడ నుంచి నడిచి వచ్చేసరికి అయిపోయుంటుంది. మళ్ళీ తెమ్మను" అన్నారు ప్రభుదాసు గారు. మళ్ళీ తెచ్చాడు. ఎర్రచుక్కలు. ఈసారి క్యాంపస్‌లోనే ఇమ్మన్నాం. ఇచ్చాడు. ఎర్రచుక్కలు. సీసా పట్టుకుని అతను నడిచి వస్తుంటే కుర్రాళ్ళు ఈలలు వేసేవారు. అతను తలవంచుకుని వచ్చి, సీసా బల్లమీద పెట్టి, పండు వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు.

రోగం మాత్రం ఆగలేదు. పద్దెనిమిది నలభై అయింది, నలభై అరవై దాటింది. వార్డెను గారికి పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఆయన రాజలింగాన్ని ఇంటికి పంపించి, వేరే వంటవాణ్ణి పెట్టి, పదిరోజుల తర్వాత శనివారం మీటింగు పెట్టారు. ఆ మీటింగులో నా రిపోర్టు చదవాలి. నా రిపోర్టు ఎలా ఉంటే రాజలింగం నౌకరి అలా.

ఈలోపు ప్రభుదాసు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. రోగులతో పోల్చడానికి ఆరోగ్యవంతులు కావాలి. మా భాషలో వాళ్ళను కంట్రోళ్ళు అంటాం. వాళ్ళు రాజలింగం వంట ఎన్నడూ తిననివాళ్ళయి ఉండాలి. మైదానానికి అవతల ఉన్న వేరే హాస్టల్ నుంచి ఇరవై ఎనిమిది మంది కండలు తిరిగిన కుర్రాళ్ళను తెచ్చాం. నిక్షేపంలాంటి కడుపులు. పళ్ళేలన్నీ ఎర్రచుక్కలే. ఒక్కొక్కడికీ ఒక పండుకు బదులు రెండు పండ్లు కోసిచ్చాను.

మూడోనాటికి ఆ ఇరవై ఎనిమిది మందిలో తొమ్మిదిమంది పడిపోయారు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చెప్పులు టకటకలాడించుకుంటూ వాళ్ళ హాస్టల్‌కి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని మూలుగుతున్న ఒక పహిల్వాను మంచం దగ్గర నిలబడి, "ఏమయ్యా, బుద్ధుందా నీకు? నువ్వు కంట్రోల్‌వి! నీకు రోగం రాకూడదు!" అని అరిచాను.

"సారీ మేడం" అన్నాడు వాడు, దుప్పట్లోంచే.

ప్రభుదాసు గారు చలించలేదు. "రాజలింగం అక్కడికీ వెళ్ళొచ్చి ఉంటాడు" అన్నారు.

"ఆయన వారం సంది వారాసిగూడల ఇంట్ల కూసున్నడు గద సార్" అన్నాడు ఎంకన్న.

"అయితే ఆయన చుట్టమెవరో అక్కడ వంట చేస్తూ ఉండాలి" అన్నారు సారు. సిద్ధాంతం ఒకసారి తలకెక్కితే చింతబరికెతో కొట్టినా దిగదు.

బుధవారం మధ్యాహ్నం రిపోర్టు రాయడానికి రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఒక వరుసలో సీసా ఇచ్చిన తేదీ, ఇంకో వరుసలో మంచం పట్టిన తేదీ. మొదటి పద్దెనిమిది మందిని వదిలేస్తే, మిగతావాళ్ళందరికీ ఒకటే తంతు. సీసా ఇచ్చిన రెండోరోజో మూడోరోజో మంచం.  ఎర్రసిరా పేర్లు చూశాను. సీసా ఇవ్వని ఆ పదకొండు మంది మొండివాళ్ళు అదే మెస్సులో, అదే రాజలింగం వంట, అదే పళ్ళాల్లో తిన్నారు. పదకొండు మందిలో ఒక్కడికి తుమ్ము కూడా రాలేదు.

సీసా ఇస్తే రోగం. ఇవ్వకపోతే ఆరోగ్యం. సీసాలు చూస్తే మేమే ఉడకబెట్టి ఇచ్చినవి. మరి వాళ్ళు నా బల్ల దగ్గర ఇంకేం పుచ్చుకున్నారు?

తలెత్తి చూశాను. బల్ల మీద చాకు, ఉప్పుకారం గిన్నె, సగం కోసిన జాంపండు.

"ఓరి దేవుడా" అన్నాను పైకే.

వెంటనే చాకు గీకి పళ్ళెంలో వేశాను. ఉప్పుకారం వేశాను. పండు తొక్క వేశాను. ఈరమ్మను పిలిచి, బతిమాలి, సీసా ఇచ్చి పంపాను. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎంకన్న మారుమాట్లాడకుండా తన సీసా తెచ్చి పెట్టాడు. పళ్ళేలు క్రిములు మొలిచే వెచ్చని పెట్టెలో పెట్టి తలుపు వేశాక గుర్తొచ్చింది. సీసా ఇచ్చి కూడా పండు తినని మనిషి ఒకడున్నాడు. మూడుసార్లు ఇచ్చాడు. ఒక్కసారీ తినలేదు. రోగం రాలేదు.

ఎందుకు తినలేదో నాకు తెలుసు కదా. అయినా అడగాలనిపించింది. నిజం చెప్పాలంటే దెబ్బలాడాలనిపించింది.

వారాసిగూడలో రాజలింగం ఇల్లు వెతకడానికి గంట పట్టింది. సందులో సందు, అందులో ఇంకో సందు. అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. నన్ను చూసి లేచి, పై తువ్వాలుతో పీట దులిపి వేశాడు. అతని భార్య సారలమ్మ లోపలినుంచి తొంగిచూసింది. నేను కూర్చోలేదు.

"నేను కోసిన పండు నువ్వెందుకు తినలేదు? ఇవ్వాళ చెప్పి తీరాలి" అన్నాను.

రాజలింగం భార్య వైపు చూశాడు. "సారలమ్మా, చాయ్ పెట్టుపో" అన్నాడు. ఆమె లోపలికి పోయేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"తప్పు పట్టుకోకున్రి మేడం. ఆ పొద్దు నేను జల్ది వచ్చి మీ బిల్డింగు కాడ కూసున్న. మీరు డాల్డా డబ్బల నీళ్ళు పట్కొని ఎనకకు ఉరికిన్రు. ఒకసారి గాదు, నాలుగుసార్లు. మొఖం పీక్కపోయింది. తర్వాత వచ్చి చాకు పట్టిన్రు."

నేను చేతులు కొంగులో దాచుకున్నాను.

"మా మెస్సుల ఒక పద్ధతి ఉన్నది. కడుపు పాడైనోడు మూడు దినాలు పొయ్యి ముట్టద్దు, కత్తి ముట్టద్దు. నేనైన సరే, ఇంటికాడ పండాలె. మా ఉస్తాదు నేర్పిండు. గందుకే తినలే. ఇంకేం లేదు."

"మరి ఆ మాటే చెప్పొచ్చుగా!"

"ఎట్ల చెప్పాలె? ఎనక నలభై మంది పోరగాండ్లు. మీరు ఆడపిల్లాయె. నేను ఒక్క మాట జారితే తెల్లారేసరికి మిమ్ముల్ని డబ్బ మేడం, డబ్బ మేడం అని పిలుస్తరు. మీరు ఇంక ఆ బల్ల కాడ కూసుంటరా?"

"నీ ఉద్యోగం ఊడబోతున్నప్పుడైనా నోరు తెరవలేదేం?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

రాజలింగం నిజంగా ఆశ్చర్యపోయాడు. "మీ కడుపుకు, నా నౌకరికి సంబంధం ఉన్నదని నాకేమెరుక మేడం? సదువుకున్నది మీరు."

పీట మీద కూలబడ్డాను. సారలమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. వాళ్ళింట్లో, వాళ్ళ గ్లాసులో. ఆ గ్లాసు పట్టుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తాగాను. రాజలింగం మళ్ళీ చింతగింజలు తీస్తూ అడిగాడు, ఎత్తిపొడుపు లేదు, ఊరికే అడిగాడు.

"అందరి సీసాలు తీసుకున్నరు గద. మరి మీ సీసా ఇచ్చిన్రా?"

లోకానికంతా శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట. ఆ బల్లికి కనీసం ఎమ్మెస్సీ లేదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకున్నాను. కట్టుకుంటుంటే అర్థమైంది, ఆ కుర్రాళ్ళంతా ఇస్త్రీ చొక్కాలతో ఎందుకు వచ్చేవారో. కాస్తయినా మర్యాద మిగుల్చుకోవాలి కదా మనిషి. తార్నాక నుంచి నడుస్తుంటే దారిలో ప్రతివాడూ నా చేతిలోని న్యూస్‌పేపరు పొట్లం వైపే చూసినట్టనిపించింది. ఎంకన్న సీసా అందుకుని, ఆకాశం వైపు చూశాడు. నూట తొమ్మిదిమంది హాస్టల్ కుర్రాళ్ళు, అయిదుగురు మెస్సువాళ్ళు, ఇరవై ఎనిమిది మంది కంట్రోళ్ళు. ఎంకన్నవీ ఈరమ్మవీ రిజిస్టర్లో చేరలేదు, విడి కాగితం మీద ఉన్నాయి. నా నంబరు నూట నలభై మూడు.

శుక్రవారం పళ్ళేలు తీశాను. ఈరమ్మది ఎర్రచుక్కలు. ఎంకన్నది ఎర్రచుక్కలు. తొక్క మీద ఏమీ లేదు, ఉప్పుకారంలో ఏమీ లేదు. చాకు పళ్ళెంలో నాలుగైదు పాలిపోయిన చుక్కలు. నా పళ్ళెంలో లెక్కపెట్టనక్కర్లేదు, ముత్యాలు ఆరబోసినట్టున్నాయి. షిగెల్లాని గుర్తుపట్టే సీరం చుక్కలో కలిపి చూశాను. పాలు విరిగినట్టు గడ్డకట్టింది. కుర్రాళ్ళ దగ్గర దొరికిన షిగెల్లా రకమే. రెండు వారాలుగా నొప్పి లేదు, బాధ లేదు, శుభ్రంగా తిరుగుతూ పంపకం చేస్తున్నాను. చేతులు కడిగాను, నిజమే. కడిగిన చేతుల్ని లాబ్‌లో మేకుకు వేలాడే ఒకే తువ్వాలుతో తుడిచాను. ఆ తువ్వాలును నేను ఎక్కడెక్కడినుంచి వచ్చి తుడుచుకున్నానో ఇక విడమరిచి చెప్పను.

శనివారం పొద్దున ప్రభుదాసు గారు పళ్ళెం చూసి ఎగిరి గంతేశారు.

"దొరికాడమ్మాయ్! నేను చెప్పలా? రోగం లేని మనిషి! ఎవరిదిది?"

"నాది సార్."

ఆయన పళ్ళెం కింద పెట్టారు. తలుపు వేసివచ్చారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా, నా మంచి కోరే మనిషి గొంతుతో అన్నారు.

"ప్రమీలా, గాజు పళ్ళేలు ఒక్కోసారి చెయ్యి జారి పగిలిపోతుంటాయమ్మా. ఎవరూ అడగరు. మీ నాన్నకి నేనేం చెప్పను? రేపు నీకు సంబంధాలు వస్తాయి. ఆ వంటవాడికి ఇంకోచోట పని దొరుకుతుంది."

నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను కూడా. పగలగొడితే ఏమవుతుందో తేటగా కనిపించింది. పండ్లు కోయడం మానేస్తాను. రోగం వారంలో ఆగిపోతుంది. రాజలింగాన్ని తీసేశారు, రోగం ఆగింది, చూశారా అని లోకమంతా అంటుంది. నా థీసిస్ నిజమని తేలుతుంది. డాక్టర్ ప్రమీల. వారాసిగూడలో ఒక మనిషి అరుగుమీద చింతగింజలు తీస్తూ ఉంటాడు, పెళ్ళి వంటకు కూడా ఎవరూ పిలవరు. అతను అప్పుడు కూడా డాల్డా డబ్బా సంగతి ఎవరికీ చెప్పడు. ఆ చివరిదే నా వల్ల కాలేదు.

"పగలదు సార్. గట్టి గాజు" అన్నాను.

మీటింగు వార్డెను గారి గదిలో. రాజలింగం తెల్లచొక్కా వేసుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల ఆరుగురు పెద్దమనుషులు, చాయ్, బిస్కెట్ల ప్లేటు. అలవాటు కొద్దీ ప్లేటు నేనే అందరికీ అందించాను. అందించాక గుర్తొచ్చింది.

"చెప్పమ్మా, ఎవరు?" అన్నారు వార్డెను గారు, బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ.

"రాజలింగం కాదండి. మూడుసార్లు చూశాం, శుభ్రంగా ఉన్నాడు. మొదటి పద్దెనిమిది మందికి ఎలా వచ్చిందో తెలియదు. తర్వాత వచ్చిందంతా సీసాల బల్ల దగ్గర కోసిన జాంపండ్ల వల్ల. అవి కోసిన మనిషి కడుపులో షిగెల్లా ఉంది. ఆ మనిషికి కడుపు పాడైంది, డాల్డా డబ్బా పట్టుకుని నాలుగుసార్లు పరిగెత్తింది, దాచిపెట్టింది, అయినా చాకు పట్టింది."

"ఎవరా తెలివితక్కువ మనిషి?"

"నేనేనండి."

వార్డెను గారి బిస్కెట్టు చాయ్‌లో మునిగిపోయింది. ఆయన దాన్ని తీసే ప్రయత్నం చెయ్యలేదు. మిగతా అయిదుగురూ ఒక్కొక్కరే బిస్కెట్లు తిరిగి ప్లేటులో పెట్టారు. ఒకాయన అప్పటికే మింగేశాడు, ఆయన మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"రాజలింగాన్ని లోపలికి పిలిచి చెప్పండి. నాకు చెప్పే మొహం లేదు" అన్నాను. ఏడ్చాను కూడా. ఏడుపు ఆపుకోవాలని ప్రయత్నించలేదు.

సోమవారం రాజలింగం మళ్ళీ గరిటె పట్టాడు. మంగళవారానికి క్యాంపస్ అంతా నన్ను డబ్బా మేడం అంది. అతను అన్నది అన్నట్టు జరిగింది. రెండేళ్ళపాటు, నేను సైకిలు మీద పోతుంటే కూడా, ఎక్కడో ఒక డబ్బా చప్పుడు వినిపించేది. ప్రభుదాసు గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదోరోజు పరిగెత్తుకుంటూ వచ్చారు. "అమ్మాయ్, సిద్ధాంతం కరెక్టే! మనిషే తప్పు!" అన్నారు. పేపరు అచ్చయింది. అందులో 'పి., స్త్రీ, 26, ప్రయోగశాల ఉద్యోగిని' అని ఉంది. మా నాన్న ఆ పేపరు తెప్పించుకుని చదివి, ఈసారి దగ్గకుండా, "పి అంటే మా ప్రమీలే" అని చర్చిలో చెప్పాడట.

కానీ అది తర్వాతి మాట. వరసగా మూడు సీసాలు శుభ్రంగా వచ్చేదాకా చాకు ముట్టకూడదని నాకు నేనే రూలు పెట్టుకున్నాను. రాజలింగానికి పెట్టిన రూలే. మందు వాడాక మొదటి రెండూ ఎర్రచుక్కలు. మూడో సీసా రోజున లైనులో నిలబడ్డాను, రోగం పూర్తిగా పోయిందో లేదో చూపించుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళ మధ్యన, తలంటుకుని, న్యూస్‌పేపరు పొట్లంతో. ముందువాడు వెనక్కి చూసి నవ్వాడు. వెనకవాడు నాలుకతో డబ్బా చప్పుడు చేశాడు.

"ఎవడ్రా అది?" అని ఒక గొంతు గర్జించింది. లైను గప్‌చుప్.

మెస్సు వైపు నుంచి రాజలింగం వస్తున్నాడు, చేతిలో గరిటెతోనే. ఎంకన్న నా సీసా అందుకునేదాకా పక్కన నిలబడ్డాడు. తర్వాత ఈరమ్మ గంపలోకి వంగి, అటూ ఇటూ తిప్పి చూసి, పండిన జాంపండు ఒకటి ఏరాడు. కోయలేదు. నిండు పండే నా చేతిలో పెట్టాడు.

"సీసా ఇచ్చినోళ్ళకు పండు ఇయ్యాలె గద మేడం. కడుక్కొని తినున్రి."

"మీరూ ఒకటి తీసుకోండి" అన్నాను.

రాజలింగం తనకూ ఒకటి తీసుకున్నాడు. ఇద్దరం నల్లా దగ్గరికి వెళ్ళి, లైనంతా చూస్తుండగా, సబ్బుతో చేతులు కడుక్కుని, పండ్లు కడిగి, తువ్వాలు ముట్టకుండా తడిచేతులతోనే కొరుక్కు తిన్నాం.